ఫిలాసఫీ చరిత్ర చదవడం దండగేనా? నా అనుభవం

తమ్ముడూ, నాకు అర్థమైనంతవరకు నీ ప్రశ్న ఇది: ఫిజిక్స్ చదివేవాడు న్యూటన్ 1687లో వేసిన పుస్తకం తెరవకుండానే పాసైపోతున్నాడు, మరి ఫిలాసఫీవాళ్లు ప్లేటో దగ్గర్నుంచి ఎందుకు మొదలుపెట్టాలి? చదవాలంటే ఎలా చదవాలి?

ముందు తప్పుగా చదివి, తర్వాత మళ్లీ చదివినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. సివిల్స్‌కి నా ఆప్షనల్ ఫిలాసఫీ. వైజాగ్ మద్దిలపాలెంలో రూము, జిరాక్స్ నోట్సు. డెకార్ట్ (17వ శతాబ్దపు ఫ్రెంచ్ తత్వవేత్త) అంటే ఒక పేజీ: మనసు వేరు, శరీరం వేరు, కింద ఐదు విమర్శలు. బట్టీ కొట్టాను. రెండుసార్లు మెయిన్స్ రాశాను, రెండుసార్లూ పోయింది. (తప్పంతా ఫిలాసఫీది కాదులే, జీఎస్ (జనరల్ స్టడీస్) కూడా అంతంతమాత్రమే.)

ఉద్యోగంలో పడ్డాక ఓ శనివారం వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు కోసం కూర్చుని, ఊరికే ఫోన్లో డెకార్ట్ ఉత్తరాలు తెరిచాను. 1643 మే. ఎలిజబెత్ అనే 24 ఏళ్ల రాజకుమారి, రాజ్యం పోయి కుటుంబంతో హేగ్‌లో ఉంటోంది. ఆమె అడిగింది: మనసు కేవలం ఆలోచించేదే అయితే అది శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? తోయాలంటే తాకాలి కదా! ఆయన బరువు సంగతి ఎత్తాడు. బరువు రాయిని కిందికి లాగుతుంది, అలాగని ఏదో తాకి తోస్తోందని అనుకోం కదా అని. ఆమె ఒప్పుకోలేదు. దానికంటే మనసు కూడా పదార్థమేననుకోవడం నాకు తేలిక అని తిరిగి రాసింది.

నా నోట్సులో నాలుగో విమర్శ ఇదే. ఆమె పేరు లేదు, ఉత్తరం ఊసు లేదు. అది ఒక మనిషికి నిజంగా పుట్టిన అనుమానమని నాకు అన్నాళ్లూ తట్టలేదు. ఈలోగా నాన్‌స్టాప్ బస్సు కళ్లముందే వెళ్లిపోయింది.

న్యూటన్ సూత్రం వాడుకోవడానికి ఆయన ఎవరితో పోట్లాడాడో తెలియక్కర్లేదు, లెక్క వచ్చేస్తుంది. ఫిలాసఫీలో జవాబొక్కటే తెచ్చుకుంటే చేతికేమీ రాదు. అది ఎవరి ప్రశ్నకి జవాబో తెలియాలి. మన శాస్త్రకారులు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, ముందు చెప్పి గానీ తమ మాట ఎత్తేవారు కాదు. దేవుడు, పరలోకం లేవన్న చార్వాకుల సొంత పుస్తకాలు దాదాపు ఏవీ మిగల్లేదు. 14వ శతాబ్దంలో మాధవుడు అన్ని దర్శనాల్నీ ఒకచోట చెప్పిన సర్వదర్శన సంగ్రహం మొదలుపెట్టిందే వాళ్ల వాదంతో. ఇలా ఖండించినవాళ్ల పుణ్యమాని వాళ్లు మనకి దొరికారు. ప్రత్యర్థి నోటి మాట కాబట్టి ఆచితూచి నమ్మాలి, అది వేరే సంగతి.

ఇక పద్ధతి. పాతవాళ్లని మన ఎదురుగా కూర్చోబెట్టుకుని వాదించొచ్చు, లేదా వాళ్ల కాలానికే వెళ్లి వినొచ్చు. రెండూ కావాలి, కానీ ముందు వినాలి. నేను తిరగేసి చేశాను. ఒక టెస్టులో ‘హ్యూమ్ 1739లో చెప్పింది నాగసేనుడు ఎప్పుడో చెప్పేశాడు’ అని గర్వంగా రాశాను. (హ్యూమ్ స్కాట్లండ్ తత్వవేత్త, నాగసేనుడు బౌద్ధ భిక్షువు.) పోలిక ఉన్నమాట నిజమే. చక్రం రథమా, ఇరుసు రథమా అని నాగసేనుడు మిళిందుడనే రాజుని అడుగుతాడు, భాగాలు కాక విడిగా రథం లేనట్టే ‘నేను’ అనేదీ విడిగా లేదని చెప్పడానికి. హ్యూమ్ ఏమో లోపలికి చూసుకుంటే వేడి, చలి, ప్రేమ, ద్వేషం లాంటివే తగులుతున్నాయి, ‘నేను’ మాత్రం దొరకడంలేదంటాడు. కానీ నాగసేనుడికి కావలసింది దుఃఖం నుంచి బయటపడే దారి. హ్యూమ్‌కి ఆ బెంగ లేదు, అనుభవానికి అందనిదాని గురించి మాట్లాడొచ్చా అన్నదే ఆయన గొడవ. మా సారు నా వాక్యం పక్కన ఎర్ర పెన్నుతో ఒక్క మాట రాశారు: ‘అయితే?’

పెద్ద చరిత్ర పుస్తకం ఒకటి మ్యాపులా పక్కన పెట్టుకో, అంతా చదివేయాలని టెన్షన్ పడకు. మన దర్శనాలకి రాధాకృష్ణన్ రెండు సంపుటాలు (1923, 1927) ఉన్నాయి. 1931 నుంచి 1936 వరకు మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ ఆయనే. అద్వైతం మీద ఆయనకి మొగ్గు, అది గుర్తుపెట్టుకుని చదువు.

ఆ తర్వాత ఒక్క తగాదా పట్టుకో. ఎలిజబెత్ ఉత్తరాలు ఇంగ్లీషులో నెట్‌లో దొరుకుతాయి. ఆమె మొదటి ఉత్తరం, ఆయన జవాబు చదువు. ఆమె తిరుగు ఉత్తరం తెరవకముందే, ఆమె స్థానంలో నువ్వయితే ఏం రాసేవాడివో ఒక అరపేజీ రాసి చూడు.