బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్టకు చేసే ఆపరేషన్) తర్వాత బరువు తగ్గడం ఎప్పటి నుంచి కనిపిస్తుంది?

మెషీన్ మీద అయితే మొదటి రెండు వారాల్లోనే తెలుస్తుంది, ఎదుటివాళ్లు "సన్నబడ్డావే" అనడానికి మాత్రం మామూలుగా నెల నుంచి రెండు నెలలు పడుతుంది.

ఎక్కువగా చేసే స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో దాదాపు 75-80 శాతం తీసేస్తారు, దాంతో కొంచెం తినగానే కడుపు నిండిపోతుంది, పైగా ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి ఆకలి కూడా బాగా తగ్గుతుంది. మొదటి రోజుల్లో తాగేది జావ, సూప్‌ల లాంటివే. అప్పుడు ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న చక్కెర, దానితోపాటు ఉండే నీరు ముందు పోతాయి, అందుకే మొదట్లో అంకెలు అంత జోరుగా పడతాయి.

ఉదాహరణకి 120 కిలోల మనిషి మొదటి నెలలో 8-12 కిలోలు తగ్గొచ్చు. అయినా అంత పెద్ద శరీరంలో అది కొట్టొచ్చినట్టు కనబడదు, 70 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినా ఇట్టే తెలిసిపోతుంది కదా. ముందు మొహం, మెడ దగ్గర తేడా తెలుస్తుంది, బట్టలు వదులవుతాయి.

చాలామంది పొరపాటు పడేది ఏంటంటే, ఆపరేషన్‌లోనే కొవ్వు తీసేస్తారని. అది లైపోసక్షన్, ఇది వేరు. ఇందులో కొవ్వు 12-18 నెలల పాటు మెల్లగా కరుగుతుంది. మధ్యలో, ముఖ్యంగా మూడో వారం దగ్గర, బరువు కొన్నాళ్లు కదలకుండా ఆగిపోవడం మామూలే, దానికి సర్జరీ ఫెయిలైందని టెన్షన్ పడక్కర్లేదు.