గుర్రప్పిల్ల వైద్యానికి తల్లి గుర్రాన్ని తాకట్టు పెట్టొద్దు

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: "సార్, పెళ్లి బరాత్‌లకు రెండు గుర్రాలను తిప్పుకుని బతుకుతున్నాం. పెద్దది మొన్న రాత్రి ఈనింది. పిల్ల లేవలేదు, తెల్లారేదాకా పాలు తాగలేదు. ఇప్పుడు జ్వరం, మోకాలు వాచింది. డాక్టర్ గారు హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. 60,000 దాకా అవుతుందట. చేతిలో 14,000 ఉన్నాయి. ఊళ్లో ఒకాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు, కానీ తల్లి గుర్రం మీద కాగితం రాసియ్యమంటున్నాడు. ఇంట్లో నాలుగు బంగారు గాజులున్నాయి. ఏం చేయమంటారు?"

ఈ జవాబు మీ వాట్సాప్‌కు ఈ పూటే పంపుతున్నాను. ముందు బండి మాట్లాడండి. చేతిలో ఉన్న 14,000 మొదటి రోజుకు సరిపోతాయి. గుర్రప్పిల్ల రోగాలను తట్టుకునే శక్తితో పుట్టదు, అది ముర్రుపాలతోనే రావాలి. పుట్టిన 24 గంటలు దాటితే ఆ శక్తిని పేగు లోపలికి తీసుకోలేదు. అందుకే ఇప్పుడు ప్లాస్మా, అంటే ఆ శక్తి ఉండే రక్తంలోని ద్రవం, నేరుగా నరంలోకి ఎక్కించాల్సి రావచ్చు. ఇప్పుడు ఎన్ని పాలు పట్టినా ఆ లోటు తీరదు. వాచిన మోకాలు చూస్తే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినట్టే అనిపిస్తోంది. పూట ఆలస్యమైతే ప్రాణంతో పాటు ఖర్చూ చేయి దాటుతుంది.

ఇక 60,000 సంగతి. అది ఒకేసారి కట్టే మొత్తం కాదు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించగానే డాక్టర్‌ను రెండే ప్రశ్నలు అడగండి: మొదటి రెండు రోజులకు ఎంత, ఆ తర్వాత రోజుకు ఎంత? రెండు రోజులయ్యాక పిల్ల సొంతంగా లేచి పాలు తాగుతోందా, జ్వరం దిగిందా అని చూసి ముందుకు పొండి. ఎంతవరకు పెట్టగలమో ఆ అంకె బండి ఎక్కకముందే ఇంటామెతో కూర్చుని అనుకోండి. ఆసుపత్రి వరండాలో, పిల్ల ముఖం చూస్తూ అనుకునే అంకె నిలవదు. అది ప్రేమ లేకపోవడం కాదు. రెండు గుర్రాల మీదే మీ ఇల్లు నడుస్తోంది.

ఒక ఖర్చు మీ లెక్కలో కనిపించలేదు. తల్లి కూడా బండి ఎక్కాలి. పిల్ల తాగకపోయినా పొదుగు పిండుతూ ఉండాలి, లేకపోతే పాలు ఎండిపోతాయి. అంటే పెద్ద బండి కిరాయి, గడ్డి, దాణా, దగ్గర ఉండే మనిషి భోజనం. పైగా ఆ రోజులన్నీ ఆ గుర్రం బరాత్‌కు రాదు. దీనికి 10,000 పక్కన పెట్టండి.

డబ్బు పుట్టించడంలో నా వరుస ఇది. మొదట బయానా. శ్రావణం ముహూర్తాలు దగ్గర పడ్డాయి, మీకు పెళ్లిళ్లు ఇప్పించే బ్యాండు వాళ్లకు విషయం చెప్పి రెండో గుర్రానికి కుదిరిన బరాత్‌ల బయానా ముందే ఇమ్మనండి. దీనికి వడ్డీ లేదు. కానీ రెండో గుర్రం ఎన్ని పెళ్లిళ్లకు పోగలదో అన్నింటికే తీసుకోండి, మాట తప్పితే వచ్చే ఏడు పని పోతుంది.

తర్వాత గాజులు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. 40,000 మీద నెలకు 1,200, ఆరు నెలలకు 7,200. బ్యాంకులో బంగారం మీద ఏడాదికి 10 శాతం వేసుకున్నా అదే అప్పుకు ఆరు నెలలకు సుమారు 2,000. నాలుగు గాజులూ ఒకేసారి పెట్టకండి. రెండు పెట్టండి, మిగతా రెండు ఇంట్లోనే ఉండనీయండి, రెండు రోజుల తర్వాత డాక్టర్ మాటను బట్టి చూసుకోవచ్చు.

తల్లి గుర్రం మీద మాత్రం ఎవరికీ సంతకం పెట్టకండి. అప్పు తీర్చాల్సింది దాని కాళ్లే. అది పోతే రెండు రూపాయల వడ్డీ కూడా మోయలేరు.

ఫోన్లో చందా అడగడం తప్పు కాదు. గుర్రాలు పెంచేవాళ్ల గ్రూపుల్లో డాక్టర్ చీటీ ఫొటో, కావాల్సిన అంకె, ఇప్పటిదాకా వచ్చింది ఎంత అనేది రోజూ పెట్టండి. పిల్ల దక్కకపోయినా అదే గ్రూపులో చెప్పండి, మిగిలిన డబ్బు తిరిగి పంపండి. ఇచ్చినవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. చుట్టాలు కానివాళ్లు ఇచ్చింది ఏడాదిలో 50,000 దాటితే, ఆ మొత్తమంతా ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది.

బీమా ఈ పిల్లకు ఇప్పుడు పనికిరాదు, రోగం వచ్చాక ఎవరూ చేయరు. పెద్ద గుర్రాలకు మాత్రం మండల పశువైద్యశాలలో అడగండి. కేంద్ర ప్రభుత్వ పథకం జాతీయ పశుసంపద మిషన్‌లో 2024 సవరణ తర్వాత ప్రీమియంలో యజమాని వాటా 15 శాతమే. ఈ బీమా గుర్రం చనిపోయినప్పుడు వచ్చే డబ్బు, వైద్యానికి కాదని గుర్తుంచుకోండి.

రేపు బ్యాంకుకు మీ ఇంటామెను కూడా తీసుకెళ్లండి. ఆధార్, పాన్ కార్డు ఆమెవే పెట్టండి. గాజులు ఆమెవి, అప్పు కాగితం మీద పేరు కూడా ఆమెదే ఉండాలి.