రూఫ్ కోసి దించిన పాత ట్రక్కుకి వైపర్లు ఎలా బిగించాలి?

రూఫ్ దించితే అద్దం ఎత్తూ తగ్గుతుంది, అందుకే పాత బ్లేడ్లు అంచు రబ్బరుకి కొట్టుకుంటాయి. కొత్తవి కొనేముందు సన్నటి అట్టముక్కని బ్లేడంత పొడవు కత్తిరించి, బ్లేడుని పట్టుకునే పాత ఆర్మ్‌కి టేపుతో అంటించి, చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. అంచుకీ దానికీ ఓ సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ఆ కొలతకే పొట్టి బ్లేడు, పొడవు సర్దుకునే ఆర్మ్ తీసుకోండి.

నా మాట వింటే, వైపర్లని తిప్పేది పాత వాక్యూమ్ మోటారైతే దాన్ని తీసేయండి. అది ఇంజిన్ పీల్పు మీద నడుస్తుంది. వానలో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఆ పీల్పు తగ్గి, సరిగ్గా చూపు కావాల్సినప్పుడే వైపర్ నెమ్మదిస్తుంది. ఎలక్ట్రిక్ మోటారు పెట్టేముందు బండిది 6 వోల్టులా, 12 వోల్టులా చూసుకోండి. మోటారుని ఒకసారి తిప్పి, స్విచ్ ఆపాక అది తన మామూలు చోటుకి వచ్చి ఆగాకే ఆర్మ్ బిగించండి. పొడి అద్దం మీద మాత్రం నడిపి చూడొద్దు, గీతలు పడతాయి.