ప్రమాదమా, పొరపాటా?

సందేహం: మా మనవడు స్కూల్ మ్యాగజైన్‌కి రెండో ప్రపంచ యుద్ధం గురించి రాస్తూ ‘దారి తప్పిన జర్మన్ పైలట్ ప్రమాదవశాత్తు శత్రుదేశంలో విమానం దిగాడు’ అన్నాడు. తెలుగు మాస్టారు ‘ప్రమాదవశాత్తు’ కొట్టేసి ‘పొరపాటున’ అని దిద్దారు. సంస్కృతం చదివిన మావారు ‘ప్రమాదమంటే పొరపాటే, పిల్లాడు రాసిందే రైటు’ అంటున్నారు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. ఏది సరి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: అమ్మా, మీవారు చెప్పిన అర్థం నిజమే. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు, పొరపాటు. ‘ప్రమాదో ధీమతామపి’ అనే మాటకి ఎంత తెలివైనవాళ్లయినా పొరపాటు చేస్తారని అర్థం. తైత్తిరీయోపనిషత్తులో గురువు శిష్యుడికి ‘సత్యాన్న ప్రమదితవ్యమ్’ అని చెబుతాడు. సత్యం విషయంలో ఏమరవద్దని. ఆ పాత అర్థం తెలుగులో ఇంకా బతికే ఉంది. కృష్ణకి వరదొస్తే లంక గ్రామాలవాళ్లు అప్రమత్తంగా ఉండాలంటారు కదా, ఆ అప్రమత్తం ఈ ప్రమాదానికి తోడబుట్టినదే. ప్రమత్తుడంటే ఏమరినవాడు, ఏమరనివాడు అప్రమత్తుడు. నాకు చాలా ఇష్టమైన జంట ఇది. అప్రమత్తం పాత అర్థంలోనే నిలబడింది, ప్రమాదం మాత్రం ఏమరుపాటు వల్ల వచ్చే ఆపదకి పేరై కూర్చుంది.

అయినా ఈ వాక్యంలో మాస్టారి దిద్దుబాటే నాకు సమ్మతం. ‘రోడ్డు ప్రమాదం’, ‘ప్రమాదవశాత్తు కాలువలో పడి’ అని రోజూ పేపర్లో చదివేవాళ్లు మీ మనవడి వాక్యం చదివితే విమానం కూలిందనో, దెబ్బతిందనో అనుకుంటారు. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఆ పైలట్ పేరు ఆర్మిన్ ఫాబర్. 1942 జూన్ 23న ఇంగ్లండు మీద ఆకాశంలో పోరాడి, బ్రిటిష్ వాళ్ల స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని ఒకదాన్ని కూల్చాడు. ఆ గందరగోళంలో దిక్కు తెలియలేదు. ఫ్రాన్స్‌లోని స్థావరానికి దక్షిణంగా వెళ్లాల్సినవాడు ఉత్తరానికి వెళ్లాడు. ఇంగ్లండుకీ వేల్స్‌కీ మధ్య ఉన్న సముద్రపాయ బ్రిస్టల్ ఛానెల్ కింద కనిపిస్తే, దాన్ని ఇంగ్లండుకీ ఫ్రాన్స్‌కీ మధ్య ఉన్న ఇంగ్లిష్ ఛానెల్ అనుకున్నాడు. అది దాటగానే ఫ్రాన్స్ వచ్చేసిందనుకుని, గెలిచిన సంబరంతో విమానాన్ని ఒక పల్టీ కొట్టించి మరీ వేల్స్‌లోని పెంబ్రే స్థావరంలో దించాడు. అది బ్రిటిష్ వాళ్లది! అక్కడ డ్యూటీలో ఉన్నతను చేతికందిన ఫ్లేర్ పిస్టల్ (వెలుగు సంకేతాలు పేల్చే తుపాకి) పట్టుకుని పరుగెత్తి అతన్ని పట్టుకున్నాడు.

ఆ విమానం ఫోకె వుల్ఫ్ 190. అప్పటి స్పిట్‌ఫైర్లకి అది కొరకరాని కొయ్య. కమాండోలని ఫ్రాన్స్‌కి పంపి ఒకదాన్ని ఎత్తుకొచ్చే పథకం కూడా బ్రిటిష్ వాళ్లు వేసుకున్నారు. అలాంటిది, చిన్న గీత కూడా పడకుండా వాళ్ల ముంగిట్లోకి వచ్చి నిలిచింది. ఈ కథలో అసలు విశేషం అదే. ‘ప్రమాదవశాత్తు’ అన్నామంటే ఆ విశేషమే మరుగున పడుతుంది.

మరి ‘దారి తప్పిన’ అన్నాక మళ్లీ ‘పొరపాటున’ ఎందుకు అనకండి. పెట్రోలు అయిపోవస్తే, దారి తప్పిన పైలట్ అది శత్రుభూమి అని తెలిసే దిగవచ్చు. ఫాబర్‌కి తెలియదు. ఆ తేడా చెప్పేది ‘పొరపాటున’ అనే మాటే.

ఇక మాస్టారూ మీవారూ ఇద్దరూ గమనించనిది ఒకటుంది: ‘విమానం దిగాడు’. గన్నవరంలో విమానం దిగాం అని ప్రయాణికులు అంటారు. అంటే మెట్ల మీదుగా కిందికి వచ్చారని. బస్సు దిగడం, రైలు దిగడం లాంటిదే. నడిపేవాడు చేసే పనికి ‘విమానాన్ని దించాడు’ అనాలి. విమానమే కర్త అయితే ‘విమానం దిగింది’ చాలు. విలేకరులు ‘వాలింది’ అని కూడా రాస్తారు, అదీ బాగుంటుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో సాయంత్రం కొంగలు వాలడం చూసినవాళ్లకి ఆ మాట కళ్లకి కడుతుంది. ‘ల్యాండ్ చేశాడు’ అన్నా తప్పు పట్టను, అందరూ అనే మాటే.

మీ మనవడికి ఈ వాక్యం చూపించండి: ‘దిక్కు తప్పిన జర్మన్ పైలట్, తమ స్థావరమే అనుకుని పొరపాటున శత్రుదేశంలో విమానాన్ని దించాడు.’ దారి బదులు దిక్కు అన్నది నా సొంత మార్పు. దక్షిణం అనుకుని ఉత్తరానికి పోయినవాడికి అదే సరిపోతుందనిపించింది. ‘దారి తప్పిన’ అని ఉంచినా తప్పేమీ లేదు.