ఇంట్లో వడ్ల బస్తాలు, రెండేళ్ల పిల్లాడు: ఎలుకలకు గోళీలు వేయొచ్చా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. యాసంగి వడ్లల్లో తిండికని 20 బస్తాలు ఇంట్లోనే పెట్టుకున్నాం. కోతలైనప్పటి నుంచి ఎలుకలు బస్తాలు కొరికి పోస్తున్నాయి. ఎలుక మందు బిళ్లలు పెడితే ముట్టడం లేదు. మందుల షాపాయన బొక్కల్లో గోళీలు వేయమంటున్నాడు. ఇంట్లో రెండేళ్ల మనుమడు, పిల్లి, కోళ్లు ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక మహిళా రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: అక్కా, ముందు ఆ గోళీల సంగతి. వేయొద్దు. ఇప్పటికే తెచ్చి ఉంటే డబ్బా మూత తీయకుండా షాపులోనే తిరిగి ఇచ్చేయండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు, కాస్త తేమ తగిలితే చాలు ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. గోడ కింద బొక్క ఎటు తిరిగి ఎక్కడ తేలుతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఆ గాలి నేల పగుళ్లలోంచి మీరు తలుపేసుకొని పడుకున్న గదిలోకే రావచ్చు. దానికి విరుగుడు లేదు. మామూలు జనానికి వాటిని అమ్మకూడదనే నిబంధన కూడా ఉంది. ట్యూబులో వచ్చే ఎలుకల పేస్టు కూడా వద్దు. అందులోని పసుపు భాస్వరం కాలేయాన్ని చెడగొడుతుంది, దానికీ విరుగుడు లేదు, పైగా దాన్ని టమాటా ముక్కకో రొట్టెకో పూసి పెడతారు, చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు మీ మనుమడిది.

ఇక బిళ్లలు ఎందుకు ముట్టడం లేదంటారా, పక్కనే 20 బస్తాల వడ్లుంటే వాటికి బిళ్ల అవసరమేముంది? ఇంకో సంగతి, ఇంటి ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం, రెండు మూడు రోజులు దాని దగ్గరికే రాదు. మనమేమో తెల్లారేసరికి తినలేదని ఇంకో చోటికి మారుస్తాం, అక్కడ అది మళ్లీ కొత్తదే. తిన్నా వెంటనే చావదు. ఆ బిళ్లల్లో ఉండే బ్రోమాడయోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసే మందు, చావడానికి నాలుగు రోజుల నుంచి వారం పడుతుంది, ఈలోగా మందు పనిచేయలేదని మానేసేవాళ్లే ఎక్కువ.

కాబట్టి తిండి మూయడంతో మొదలుపెట్టండి. రేకు డ్రమ్ములుంటే వడ్లు వాటిలోకి మార్చండి, లేకపోతే బస్తాలను అడుగు ఎత్తు చెక్కల మీద, గోడకు రెండడుగుల దూరంలో పేర్చండి, చుట్టూ మనిషి తిరిగేంత జాగా ఉండాలి. గోడకు ఆనించిన బస్తాల వెనకే అవి కాపురం పెడతాయి. రాత్రిపూట కోళ్ల దాణా, ఎంగిలి గిన్నెలు బయట వదలొద్దు.

తర్వాత బొక్కలు. ఒక సాయంత్రం ఇంట్లో, కొట్టంలో కనిపించిన బొక్కలన్నీ తడి మట్టితో మూసేయండి. పొద్దున ఏవి తెరుచుకుని ఉన్నాయో అవే ఎలుకలున్న బొక్కలు, బోన్లు వాటి దగ్గరే పెట్టాలి. మిగతా వాటిని గాజు పెంకులు వేసి సిమెంటుతో పూడ్చండి. కిటికీలకు, తూములకు పావు అంగుళం జాలీ కొట్టించండి, అంతకంటే వెడల్పైతే లాభం లేదు, పెన్ను దూరే సందులో చిట్టెలుక దూరిపోతుంది.

మీ ఇంటికి బోన్లే మంచివి, ఒకటి కాదు, నాలుగైదు పెట్టండి. గోడ వెంబడి పెట్టాలి, ఎలుక గోడను ఒరుసుకుంటూ పోతుంది కానీ నడి ఇంట్లోంచి పోదు. మొదటి మూడు రోజులు తలుపు పడకుండా కట్టేసి, లోపల ఎండు చేపో కాల్చిన కొబ్బరి ముక్కో వేసి తిననివ్వండి, నాలుగో రాత్రి కట్టు విప్పండి. ఈ ఓపిక పట్టినవాళ్లకే ఎక్కువ పడతాయి.

అప్పటికీ తగ్గకపోతేనే బిళ్లలు, అవీ ఇంట్లో వద్దు. కొట్టం వెనక, కోళ్లు తిరగని చోట, మూడంగుళాల పైపును అడుగున్నర ముక్కలు కోసి, బిళ్లకు తీగ గుచ్చి నడిమధ్య కట్టి, పైపు కదలకుండా గోడ వారన బిగించండి. చచ్చిన ఎలుకలను రోజూ ఏరి లోతుగా పూడ్చాలి, పిల్లి వాటిని తిన్నా ప్రమాదమే. పిల్లాడు బిళ్ల కొరికాడని అనుమానమొచ్చినా సరే, బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకోవద్దు, రక్తస్రావం రోజుల తర్వాత మొదలవుతుంది. ప్యాకెట్ చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోండి. దీనికి మాత్రం విరుగుడు ఉంది, విటమిన్ కె1.

పెంటికలు పొడిగా ఊడ్చకండి, బ్లీచింగ్ నీళ్లు చల్లి కాసేపు నాననిచ్చి చేతికి గ్లౌజు వేసుకుని తీయండి, ఎలుకల మూత్రం నుంచే ఎలుక జ్వరం వస్తుంది.

ఇదంతా మీరొక్కరే చేస్తే పక్కింటివి వచ్చి చేరతాయి. మీ వాడలో నాలుగిళ్ల వాళ్లను కూడగట్టి ఒకే వారంలో చేయండి, అదీ తొలకరి పడకముందే. ఇప్పుడు చేన్లలో తిండి లేదు కాబట్టి బోనులో ఎరకు తొందరగా వస్తాయి. ఆడ ఎలుక మూడు వారాలు మోసి ఒక్కో ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు పెడుతుంది, వానలు పడ్డాక వాటిని అందుకోవడం కష్టం.