తెర మీద అక్షరం చూపేటప్పుడు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ బడికి ప్రొజెక్టరు వచ్చిందనీ, రెండో తరగతి పిల్లలకు దానితో చదవడం నేర్పదలచావనీ రాశావు. పదవీ విరమణకు ముందు నాలుగైదేళ్లు నేనూ స్లయిడ్లతో పాఠం చెప్పినవాణ్ణే గనుక, నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

ఎర్రటి మిర్చి రాశి ఫోటో పెట్టి, కింద ‘మిరపకాయ’ అని రాసి చూపేవాణ్ణి. తరగతంతా ఒక్క గొంతుతో చదివేది. రెండు వారాల తర్వాత అదే మాటను నల్లబల్ల మీద సుద్దతో రాస్తే నోరు మెదిపినవారు ముగ్గురే. తక్కినవారు అన్నాళ్లూ బొమ్మనే చదివారు. కాబట్టి ముందు మాట ఒక్కటే తెర మీదకు రావాలి. పిల్లలు కూడబలుక్కుని చదివాక, తరువాతి స్లయిడులో బొమ్మ వచ్చి వారు చదివింది సరో కాదో తేల్చాలి.

నల్లబల్లకు లేని వీలు స్లయిడుకు ఒకటుంది. ‘ప’ను ఉన్నచోటనే ఉంచి, దాని కడుపులో గీతను మాత్రం ఎర్ర రంగులో చేర్చి ‘ష’గా చూపితే, పిల్లవాడి చూపు తేడా ఉన్నచోటికే పోతుంది. మన ఊరి పేరే చక్కని పాఠం: ‘గుంటూరు’లో కొమ్ము, సున్న, కొమ్ముదీర్ఘం మూడూ ఉన్నాయి. వాక్యాలకు వచ్చాక, పలుకుతున్న మాటకు రంగు మారేలా చెయ్యి. టీవీలో సినిమా పాటల కింద అదే భాషలో సాహిత్యం వేసి చదువు అలవరచాలని 1996లో అహ్మదాబాద్ ఐఐఎం నుంచి బ్రిజ్ కొఠారీ తలపెట్టిన పనిలోనూ కిటుకు ఇదే: చెవికి తెలిసిన మాటను కన్ను అదే క్షణంలో పట్టుకుంటుంది.

‘అను’ అనే తెలుగు ఫాంటులో టైపు చేస్తే, అది లేని కంప్యూటరులో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఏ కంప్యూటరులోనైనా తెలుగు తెలుగుగానే కనబడేలా చేసే యూనికోడులోనే చేసి, పీడీఎఫ్‌గా కూడా దాచుకో. చివరి వరుసలో నేల మీద కూర్చుని చూడు. వత్తులు స్పష్టంగా కనబడకపోతే సైజు చాలనట్టే. ఒంటిపూట బడుల రోజుల్లో కిటికీలు మూస్తే పిల్లలు ఉడికిపోతారు గనుక తెర పాఠం మొదటి పీరియడులోనే, పది నిమిషాల్లో ముగించి, ప్రొజెక్టరు ఆపి, చూసిన మాటలను పలక మీద రాయించు. నాకైతే అసలు పాఠం అప్పుడే మొదలవుతుంది.

కరెంటు పోయినప్పటికని అవే మాటలను అట్టముక్కల మీద రాసి సొరుగులో ఉంచుకో. మొదటి నాలుగు స్లయిడ్లు తయారైతే పంపు, చూస్తాను.

ఇట్లు,
మీ మాస్టారు