అది రాంగ్ నంబరు కాదు

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. మావారు నెట్ సెంటరు నడుపుతారు. పన్నెండేళ్లుగా ఇంటర్నెట్ డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ల చిరునామాలు, కొని దాచి, అడిగినవారికి అమ్ముతుంటారు. ఇప్పుడు 140 పేర్లున్నాయి. ఇన్నేళ్లలో అమ్ముడైనవి తొమ్మిది. నిరుడు వాటికి ఏటా కట్టే రెన్యువల్ కోసం నా గొలుసు బ్యాంకులో కుదువ పెట్టాం. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, ‘వద్దండి, ఇవ్వను’ అని ఫోను పెట్టేశారు. ఎవరని అడిగితే రాంగ్ నంబరు అన్నారు. ఒక్క పేరుకు 18 లక్షలు ఇస్తామంటే కాదన్నారని నెల తర్వాత మా మరిది నోట విన్నాను. అద్దె ఇల్లు. అమ్మాయి ప్లస్ టూ. నేను ప్రైవేటు బడిలో టీచరుని, జీతం 14 వేలు. ‘అది కోటి పలుకుతుంది, నీకు తెలియదు’ అంటారు. అప్పటినుంచి మా మధ్య మాటలు లేవు. ఇది జూదం లాంటి వ్యసనమేనా? ఆయనను దారికి తెచ్చేదెలా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘18 లక్షలు’ కింద రెండు గీతలు గీశారు, ‘రాంగ్ నంబరు’ కింద ఒకటే. నేనైతే తారుమారుగా గీసేదాన్ని. అంత డబ్బు చేతికందకుండా పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ మీ గొలుసు బ్యాంకులో ఉండగా ఆ సంగతి మరిదికి తెలిసి, మీకు తెలియకపోవడం దానికంటే పెద్ద దెబ్బ. ఈ రెండూ కలిపి మాట్లాడితే ఆయన డొమైన్ల లెక్కల్లో దాక్కుంటారు, మీరు గొలుసు దగ్గరే ఆగిపోతారు. అందుకే విడదీసి మాట్లాడదాం.

ముందు డబ్బు. మీకు నచ్చకపోయినా చెబుతున్నాను, పెద్ద మొత్తం కాదన్నంత మాత్రాన మనిషికి మతి పోయినట్టు కాదు. ఈ వ్యాపారంలో వద్దనడమూ ఒక పనే. ఒక పేరు ప్రపంచం మొత్తానికి ఒకటే ఉంటుంది, ఒక్క అక్షరం మారితే అది వేరే పేరు. పర్లాకిమిడి వారికి ఇది వేరే చెప్పాలా? మనం పర్లాకిమిడి అంటాం, ఒడియా బోర్డు మీద పారలాఖెముండి అని ఉంటుంది, ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ఎలా రాసినా ఉత్తరం మీ ఇంటికి చేరుతుంది. డొమైన్ పేరు అలా చేరదు. అందువల్ల ఆ పేరే కావాలని పట్టుబట్టినవాడు తరచూ మొదట చెప్పిన ధర దగ్గర ఆగడు. మీవారికి ఇది తెలుసు.

2019లో మైక్రోస్ట్రాటజీ అనే అమెరికా కంపెనీ వాయిస్ డాట్ కామ్ అన్న ఒక్క పేరును 3 కోట్ల డాలర్లకు అమ్మింది. ఈ కథ ఆయన మీకు పదిసార్లు చెప్పే ఉంటారు. అయితే ఆ కంపెనీకి అప్పటికే వేరే సాఫ్ట్‌వేర్ వ్యాపారం ఉండేది. ఆ పేరు మరో ఇరవై ఏళ్లు అమ్ముడుపోకున్నా అక్కడ ఎవరి గొలుసూ కుదువకు వెళ్లేది కాదు. ఆగగలిగినవాడు బేరంలో గట్టిగా కూర్చుంటాడు. అప్పు చేసి ఆగేవాడికి ఆ బలం ఉండదు.

మా మేనమామ రాయగడ వైపు తన చింతతోపు ఎవరు ఎంత ఇస్తామన్నా అమ్మనన్నాడు. అందరూ మొండివాడన్నారు. కానీ తోపు అమ్మకపోయినా ఏటా చింతపండు ఇంటికి వచ్చేది. డొమైన్ పేరుకు కాయలు కాయవు. ఒక్కో పేరుకు రెన్యువల్ ఏటా వెయ్యి రూపాయల పైచిలుకు. డాట్ కామ్ పేరుకు రిజిస్ట్రార్, అంటే పేరు నమోదు చేసి ఇచ్చేవాడు, డాట్ కామ్ నడిపే పైసంస్థకు కట్టేదే 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు పెరిగింది, దానిమీద తన లాభం, పన్ను వేసుకుంటాడు. 140 పేర్లకు లక్షన్నర వేసుకోండి. మీ జీతంలో దాదాపు పదకొండు నెలలు.

ఇక ఆ 18 లక్షలు. ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే మూడేళ్లలో దాదాపు 21,74,000 అవుతాయి. కాబట్టి మూడేళ్ల తర్వాత అదే పేరు 20 లక్షలకు అమ్మితే ఆయన గెలిచినట్టు కాదు, ఓడినట్టు. పైగా కొనేవాడు ఊరికే కూర్చోడు. పేరుకు వెనక ఇంకో మాట తగిలించో, డాట్ కామ్ బదులు డాట్ ఇన్ తీసుకునో దుకాణం తెరిచేస్తాడు. అలా ఒకసారి స్థిరపడితే వెనక్కి వచ్చి అడగవలసిన పని వాడికి ఉండదు.

అసలు ఆ ఫోను నిజమైనదేనా? మీ ఉత్తరంలో ఆ వివరం లేదు. పెద్ద అంకె చెప్పి ఆశపెట్టి, ‘పేరుకు విలువ కట్టించిన సర్టిఫికెట్ కావాలి, ఫలానా సైటులోనే కట్టించండి’ అని అమ్మేవాడి చేతే డబ్బు కట్టించుకుని మాయమయ్యే మోసం ఈ వ్యాపారంలో చాలా పాతది. అలాంటి ఫోనే అయితే ఆయన వద్దని మేలే చేశారు, మీకు మాత్రం చెప్పలేదు. నిజమైన బ్రోకరు కొనేవాడి పేరు దాచవచ్చు గానీ, డబ్బు ముందు ఎస్క్రోలో, అంటే మూడోవాళ్ల చేతిలో, పడడానికి ఒప్పుకుంటాడు. పేరు బదిలీ అయ్యాకే అది మీ ఖాతాకు వస్తుంది.

ఈ కింది పేరా ఆయనకు చదివి వినిపించండి. మాటలు లేవన్నారు కదా, కాగితం కంచం పక్కన పెట్టినా చాలు.

నాయనా, పలాసలో జీడిపప్పు అమ్మేవాడు బేరానికి వచ్చినవాణ్ని ‘వద్దండి, ఇవ్వను’ అని పంపేస్తాడా? ‘ఇంతయితే ఇస్తాను’ అంటాడు. మీరు అంకె చెప్పకుండా తలుపు వేశారు. కోటి మీ మనసులో ఉంటే ఆ కోటి వాళ్లకు చెప్పాల్సింది. వాళ్లు నవ్వితే నవ్వేవాళ్లు, మీకు ఒక సంగతి తెలిసేది. ఒకటే ప్రశ్న: ఇవాళ మీ చేతిలో 18 లక్షల నోట్లుండి, ఆ పేరు ఎవడో పరాయివాడి దగ్గర ఉంటే, ఆ డబ్బంతా పోసి కొంటారా? కొంటానంటే ఉంచుకోండి, ఎందుకో మీ ఆవిడకు వివరంగా చెప్పండి. కొననంటే ఈ రాత్రే ఆ ఫోను చేసినవాళ్లను మళ్లీ పలకరించండి. మూడు నెలలంటే మించిపోయిన కాలమేమీ కాదు. ఒకేసారి ఇవ్వలేమంటే నెలనెలా వాయిదాల్లో కట్టే పద్ధతీ ఉంది, చివరి వాయిదా దాకా పేరు మూడోవాళ్ల దగ్గర ఉంటుంది.

అమ్మా, మళ్లీ మీతో. వ్యసనమేనా అని అడిగారు. పరీక్ష చాలా చిన్నది. పన్నెండేళ్లలో ఎంత పెట్టారు, ఆ తొమ్మిది పేర్ల మీద ఎంత వచ్చింది, ఈ రెండు అంకెలు అడగండి. ఆలోచించి చెబితే ఆయన వ్యాపారి, మంచివాడో చెడ్డవాడో తర్వాత. అడగగానే గొంతు పెరిగినా, కొత్త పేర్లు మీకు తెలియకుండా కొంటున్నా, మరో అప్పు బయటపడినా, అప్పుడు నాకు మళ్లీ రాయండి. అది వేరే సంగతి, ఇంటి మాటలతో తేలదు. ఇప్పటికి మీరు రాసినదాన్నిబట్టి నాకు కనిపిస్తున్నది భయం. ఒక పేరు తక్కువకు అమ్మేసి, రేపు అదే పేరు కోటికి పోయిందని విని జీవితమంతా కుమిలిపోతానేమోనన్న భయం. నెట్ సెంటరులో అందరికీ ఫారాలు నింపి పెట్టే మనిషికి, తాను తెలివైనవాణ్నని చెప్పే సాక్ష్యం ఆ పేరొక్కటే కావచ్చు. మీరు అమ్మేయమన్నప్పుడల్లా ఆయనకు ఇంకేదో వినిపిస్తోంది. ‘నీకు తెలియదు’ అన్నది మాత్రం తప్పు మాటే, దానికి ఆయన క్షమాపణ చెప్పుకోవాలి. లెక్కలు చెప్పుకునే మనిషికి, ఆ లెక్కల కోసం తన గొలుసు ఇచ్చిన మనిషి కనబడాలి.

140 పేర్లలో కంపెనీల పేర్లను పోలినవి ఏమైనా ఉంటే బేరం పెట్టకుండా వదిలేయమనండి. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కుకున్నంత రక్షణ ఉంటుందని మన సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. అలాంటి పేరు పట్టుకుని డబ్బు అడిగితే చేతికి వచ్చేది నోటీసే. సొంత పేరైతే మాట వేరు. అమెరికాలో ఉజి నిస్సాన్ అనే ఆయన తన ఇంటిపేరుతో ఉన్న డొమైన్ కోసం నిస్సాన్ కార్ల కంపెనీతో ఏళ్లతరబడి కోర్టులో పోరాడి నిలబెట్టుకున్నారు. మీవారి దగ్గర ఉన్నవి ఆయన ఇంటిపేర్లు కావు.

ఆదివారం రాత్రి అమ్మాయి పడుకున్నాక ఆ పేర్లు రాసుకునే పుస్తకం తెమ్మనండి. పన్నెండేళ్లుగా ఈ పని చేసే మనిషి గడువు తేదీలు ఎక్కడో రాసే ఉంటారు. ఇద్దరూ కూర్చుని ఒక్కో పేరు చదవండి. అయిదేళ్లలో ఒక్కరూ అడగని పేర్లు గడువు వచ్చినప్పుడు కట్టకుండా వదిలేయండి. పోతే పోయిందనుకునే పని కూడా లేదు. సాధారణంగా గడువు దాటాక కొన్నాళ్లు వెసులుబాటు ఉంటుంది, తర్వాత 30 రోజులు జరిమానాతో విడిపించుకోవచ్చు. ఆ పెద్ద పేరుకు ఎంతకంటే తక్కువైతే ఇవ్వకూడదో, ఎంతకైతే ఆలోచించకుండా ఇచ్చేయాలో రెండు అంకెలు వేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఇక మీదట ఫోను వచ్చినప్పుడు భోజనం చేస్తున్నా సరే, స్పీకరు పెట్టమనండి. చివరగా, గొలుసు విడిపించాల్సిన తేదీ కూడా ఆ పేర్ల వరుసలోనే, అన్నిటికంటే పైన, ఆయన చేతే రాయించండి.